సరి అంకెల బొమ్మలు

తెర మీద అడవిదారిలో పాప పరుగెత్తుకుంటూ వచ్చి బండరాయి దగ్గర ఆగింది. ఎర్రగౌను, రెండు జడలు. మద్రాసులో ఎవరి పిల్లో. తల పక్కకి తిప్పి, ఏమీ లేని చోటు వంక చూసి నవ్వింది.

“ఇప్పుడొస్తుంది,” అంది వర్ధనమ్మ, పక్క కుర్చీలో ఉన్న మరదలు కమలాంబ మోచెయ్యి పట్టుకుని.

నేల మీంచి మేకపిల్ల బండ మీదికి గెంతాలి. పాప నిజం మనిషి, మేక కాయితం మీద గీసిన బొమ్మ. ఆ గెంతుకి పదమూడు బొమ్మలు. ఒకటో బొమ్మలో మేక నాలుగు కాళ్లూ దగ్గరికి తీస్తుంది. రెండో బొమ్మలో మెడ వంచుతుంది. మూడులో నడుము కిందికి దిగుతుంది. నాలుగులో ముందుకాళ్లు లేవబోతాయి, ఇంకా లేవవు. బేసి అంకెల బొమ్మలు తమ్ముడు దక్షిణామూర్తివి. సరి అంకెలవి వర్ధనమ్మవి. మేక ఎక్కడికి వెళ్లాలో తమ్ముడు వేస్తాడు. అక్కడికి ఎలా వెళుతుందో ఆవిడ వేస్తుంది.

తెర మీద మేక నేల మీద ఉంది. తరవాత గాలిలో ఉంది. తరవాత బండ మీద ఉంది. గెంతలేదు. ఎవరో ఎత్తి పెట్టినట్టు అక్కడికి వచ్చి పడింది. పాప చెయ్యి చాచి దాని మెడ నిమిరింది. పాప చెయ్యి కదులుతోంది, మెడ మాత్రం టకటకమని కొట్టుకుంటోంది.

“ఏట్రా ఆ మేక! దానికేటి, ఫిట్సొచ్చినాయేటి!” అని నేల టిక్కెట్టులోంచి ఎవడో అరిచాడు.

హాలంతా గొల్లుమంది. హైస్కూలు పిల్లలు మూడు క్లాసులవాళ్లు వచ్చి కూర్చున్నారు. తమ డ్రాయింగు మేస్టారు దక్షిణామూర్తి బొమ్మలని వాళ్లు మొదట నవ్వలేదు. తరవాత వాళ్లూ నవ్వారు.

వర్ధనమ్మ మగవాళ్ల వైపు చూసింది. హెడ్మాస్టరు సోమసుందరం గారి పక్కన తమ్ముడి కుర్చీ ఖాళీగా ఉంది. టైటిల్సు పడ్డప్పుడే లేచి వెళ్లిపోయాడు కాబోలు. బొమ్మల దగ్గర, వీళ్లకి పని పంపిన మద్రాసు ఆయన పేరొక్కటే పెద్ద అక్షరాలతో పడింది. దాని కింద ‘మరియు బృందం’.

ఆవిడ మళ్లీ తెర వైపు తిరిగింది. ఏటి ఒడ్డున మేక నడిచింది. నడక కాదు, కుంటు. గడ్డి మేసింది; దవడ రెండే రెండు చోట్ల ఉంది, తెరిచీ, మూసీ. తన బొమ్మలు ఎక్కడ? ఆరో అంకె, ఎనిమిదో అంకె, పన్నెండో అంకె? కళ్లు చికిలించి వెతికింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అద్దం పెట్టె ముందు కూర్చుంటే దీపాలవేళ దాకా వేసేది. కింద నలభై వాట్ల బల్బు, పైన గాజుపలక. గాజు వేడికి కుడిమణికట్టు కింద చర్మం నల్లబడింది. తమ్ముడి రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి ఇత్తడి మేకులకి తగిలించి, పైన తెల్లకాయితం పెట్టి, ఆ రెండు గీతలకీ నడుమ మూడో గీత ఎక్కడ పుట్టాలో పెన్సిలు ఆనించకుండా నాలుగుసార్లు గాల్లో తిప్పి చూసుకుని, అప్పుడు గీసేది. పద్ధెనిమిది నెలలు.

విశ్రాంతి అయ్యాక ఒక్కచోట మేక మేకలా ఉంది. పాప చెట్టు కింద నిద్రపోతుంది. మేక పక్కనే నిలబడి, వెనక కాలు ఎత్తి చెవి గోక్కుంటుంది. కాలు లేచింది, మెడ వాలింది, చెవి మడతపడి మళ్లీ విచ్చుకుంది, కన్ను సగం మూసుకుపోయింది. హాలు ఒక్కసారి సద్దుమణిగింది. వెనక బెంచీలో చంటిపిల్ల కిలకిలా నవ్వింది. “సూడే, అచ్చం మన మేకలాగే గోక్కుంటంది,” అంది ఆ పిల్ల తల్లి.

వర్ధనమ్మ ముందుకి వంగింది. ఇక్కడ బాగుందేం? మిగిలినచోట్ల లేదేం?

అంతలో పాప నిద్రలేచింది. మేక మళ్లీ కర్రలా బిగిసి కుంటడం మొదలుపెట్టింది.

*

మేట్నీ వదిలేసరికి చినుకులు పడుతున్నాయి. దక్షిణామూర్తి సోడాకొట్టు చూరు కింద నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా భుజాల మీద తడిసి ఒంటికి అతుక్కుంది. మేస్టర్లూ వాళ్ల ఆడవాళ్లూ అటే వెళ్లారు. ఏమీ అనకుండా వెళ్లిపోతే బాగుండదని ఆగినట్టు ఆగారు.

సోమసుందరం గారు మెత్తని మనిషి. గొడుగు తెరిచి డ్రాయింగు మేస్టారి మీదికి పట్టారు.

“పోన్లెండి దక్షిణామూర్తి గారూ. సినిమా అన్నాక సవాలక్ష. మీ బొమ్మలు నోటీసుబోర్డు మీద ఎంత బాగున్నాయండీ! తెర మీదికి ఎక్కేసరికి మేక కొంచెం... అదేలెండి. సోమవారం నుంచి స్కూలుకి వచ్చెయ్యండి. సెలవు సంగతి నేను చూసుకుంటాను. ఆ మద్రాసు మాట ఇంక మర్చిపోండి.”

దక్షిణామూర్తి ఏడాదిగా జీతం లేని సెలవులో ఉన్నాడు. రెండో సినిమాకి పిలుస్తారనీ, కాపరం మద్రాసుకి ఎత్తేస్తాననీ ఈ మేస్టర్లందరికీ చెప్పాడు. చుట్టూ ఉన్న మొహాలు చూశాడు. సైన్సు మేస్టారు జేబురుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తున్నాడు.

“అవి అన్నీ నేను వేసినవి కావండీ,” అన్నాడు దక్షిణామూర్తి.

“మరి?”

“సగం మా అక్క చేత వేయించేను. చేస్తానంది, సరేనన్నాను. ఆ కుంటూ ఆ కొట్టుకోవడవూ అంతా అదేనండి. నేర్చిన చెయ్యి కాదు కదా. తప్పు నాదేలెండి, ఇంట్లో ఆడమనిషిని నమ్మి అంత పని చేతిలో పెట్టేను.”

అందరూ వర్ధనమ్మ వైపు తిరిగారు. ఆవిడ బొమ్మలు వేస్తుందని ఆ ఊళ్లో అంతవరకూ ఎవరికీ తెలియదు. పద్ధెనిమిది నెలల్లో దక్షిణామూర్తి ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాడు.

“అలాగా!” అన్నారు సోమసుందరం గారు. ఆ మాటలో కోపం లేదు, జాలి ఉంది. వర్ధనమ్మకి అదే గుచ్చుకుంది. నలభై అయిదేళ్ల మనిషి, తమ్ముడి పంచన ఉన్న విధవ, చేతగాని పనికి ఎగబడి అన్నం పెట్టేవాడి పేరు చెడగొట్టింది. అందరి మొహాల్లోనూ ఆ ముక్క అచ్చు వేసినట్టు కనిపించింది.

ఏదైనా అనాలని నోరు తెరిచింది. తమ్ముడి పెదవి కింద నరం ఒకటి ఎగిరెగిరి పడుతోంది. అది చూసి నోరు మూసుకుంది.

*

ఆ రాత్రి అతను అన్నం తినలేదు. శనివారం పొద్దున్న కాఫీ కూడా ముట్టలేదు. పెరట్లోకి వెళ్లి నూతి గట్టు మీద చెయ్యి ఆనించి చాలాసేపు లోపలికి చూస్తూ నిలబడ్డాడు. కమలాంబ వంటింట్లోకి పరుగున వచ్చింది.

“వదినగారూ, బేగా రండి. ఆయన నూతి దగ్గిర నించున్నారు. పిలిస్తే పలకడం లేదు.”

వర్ధనమ్మ చేతిలో చేద పట్టుకుని వెళ్లింది. నీళ్లు తోడడానికి వచ్చినట్టే, “కొంచెం తప్పుకో మూర్తీ,” అంది. అతను తప్పుకున్నాడు. ఆవిడ నాలుగు చేదలు తోడి, అక్కర్లేకపోయినా ఇంకో నాలుగు తోడి, గోలెం నింపింది. అతను లోపలికి వెళ్లిపోయాడు.

పదకొండింటికి అతనే పిలిచాడు. “అక్కా, కాయితం కలం పట్టుకురా. ఉత్తరం రాయాలి. నా చెయ్యి నిలవడం లేదు.”

స్కూలు కాయితాలూ అర్జీలూ అన్నీ ఆవిడ చేతే రాయించేవాడు. ముత్యాల కోవలాంటి దస్తూరీ. ఆవిడ చాప మీద కూర్చుని పీట మీద కాయితం పెట్టుకుంది. అతను మంచం మీద పడుకుని, గోడ వైపు తిరిగి చెప్పసాగాడు.

“మహారాజశ్రీ నిర్మాతగారికి... రాసేవా? తమ చిత్రం నిన్న మా ఊరిలో చూసితిని. మేక చలనములో లోపములు ఉన్నమాట యథార్థము. అయితే ఆ లోపములు నా వల్ల కలిగినవి కావని మనవి. మధ్య బొమ్మలు నా సహోదరి చేత వేయించితిని. ఆమె అనుభవలేమి వల్లనూ, చేతి దోషము వల్లనూ...”

కలం ఆగింది.

“రాసేవా?”

“ఊఁ.”

“...చిత్రమునకు హాని కలిగినది. ఇకముందు యావత్తు పనియు నేనే స్వయముగా చేసెదనని హామీ ఇస్తూ, తమ రెండవ చిత్రములో నాకు మరొక్క అవకాశం...” అతను దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు. “మిగతాది నీకు తెలుసు. నువ్వే రాసెయ్యి. ఒక్క ఛాన్సిస్తే చాలు. ఇవ్వకపోతే నేను ఆ స్కూల్లో ఎలాగ అడుగు పెట్టేది? ఎనిమిదో క్లాసు వెధవ కూడా మేకలాగ కుంటుతాడు నా వెనకాల.”

“అసలు చేతిదోషవేనంటావా మూర్తీ?” అని అడిగింది వర్ధనమ్మ నెమ్మదిగా. “నేను వేసినవి నువ్వు చూసేవు కదా. చూసే కదా కట్ట కట్టేవు.”

అతను గోడ వైపు నుంచి తిరగలేదు. “నన్నిప్పుడేవీ అడక్కు,” అన్నాడు.

కాయితం మీద ‘అనుభవలేమి వల్లనూ’ దగ్గర సిరా చుక్క పడి ఉబ్బింది. ఆవిడ అద్దుడుకాయితంతో అద్ది, ఉత్తరం మడిచి, బియ్యపు డబ్బా మీద పెట్టింది. సాయంత్రం దాకా ఆ మడతని విప్పలేదు.

దీపం పెట్టేవేళ కమలాంబ గుమ్మంలో నిలబడింది. “రాసెయ్యండి వదినగారూ. మీకేం పోయింది? మీకు ఉద్యోగవా, సద్యోగవా? ఆయనకి ఉన్నదల్లా ఆ పేరొక్కటే. అది పోతే ఈ ఇంట్లో మనిషి దక్కడు.”

మాట కటువుగా అనలేదు. కళ్లంట నీళ్లు పెట్టుకునే అంది. వర్ధనమ్మ తల ఊపింది. నిజమే, తనకేం పోయింది? లేనిది పోవడం ఏమిటి? చేతికి మాత్రం అన్నం ముద్ద ఎత్తబుద్ధి కాలేదు. నేర్చిన చెయ్యి కాదేమో నిజంగానే. పద్ధెనిమిది నెలలూ తనకి బాగుందనిపించింది, అంతే. తనకి అనిపిస్తే సరిపోతుందా? ఆ మేక కుంటడం తన కళ్లతో తను చూసింది.

అయితే ఆ చెవి గోక్కున్నచోట ఎందుకు కుంటలేదు? అదీ ఈ చెయ్యేగా!

*

ఆదివారం మేట్నీకి వర్ధనమ్మ ఒక్కర్తే బయల్దేరింది. సినిమాకి ఒంటరిగా వెళ్లడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. వాల్‌పోస్టరు మీద అప్పుడే ఇంకో సినిమా కాయితం సగం అంటించారు. పాప మొహం పోయి, మేక కొమ్ములు మిగిలాయి.

ఆడవాళ్ల గేటు దగ్గర సింహాద్రమ్మ టిక్కెట్లు చింపే పని మానేసి, గడప మీద కూర్చుని చింతపిక్కలు వలుచుకుంటోంది.

“ఆట లేదమ్మగోరూ. మొత్తం కలిపి ఏడుగురొచ్చినారు. ఎల్లిపొమ్మన్నారు. రేపట్నుంచి కొత్త బొమ్మ.”

“లేదా?” అంది వర్ధనమ్మ. అక్కడే నిలబడిపోయింది. నిలబడి ఉండగానే కళ్లలోంచి నీళ్లు ధారగా కారిపోయాయి. ఆపుకుందామనుకుంది, ఆగలేదు.

సింహాద్రమ్మ చింతపిక్కలు ఒడిలోంచి దులిపేసి లేచింది. “ఓలమ్మో, ఏటిది? సినిమా లేదని ఏడుస్తారేటమ్మా పెద్దోరు?”

“అందులో మేకని నేను వేసేను,” అంది వర్ధనమ్మ. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. “సరిగ్గా పడలేదు. ఎందుకు పడలేదో ఒక్కసారి చూడాలి.”

సింహాద్రమ్మకి ఎంత అర్థమైందో గానీ, మెట్ల కిందికి వెళ్లి కేకేసింది. “ఒరే మత్స్యలింగం! ఈ అమ్మగోరొకసారి పైకొస్తారట. పెట్టె అప్పుడే కట్టీకు.”

ఇనపమెట్లు ఎక్కి కేబిన్‌లోకి వెళితే కాలిన బొగ్గు వాసన, ఫిల్ము అతికించే మందు వాసన కలిసి ముక్కులో కొట్టాయి. మత్స్యలింగం ముప్ఫయ్యేళ్ల మనిషి, బనీను మీద ఉన్నాడు. సినిమా రీళ్లు రేకు పెట్టెలో సర్దుతున్నాడు. మూడున్నర బస్సుకి వెయ్యాలిట.

“ఏ రీలమ్మా?”

“రీళ్లు నాకు తెలియవు నాయనా. మేక బండ మీదికి గెంతుతుంది చూడు, అదీ. తరవాత చెవి గోక్కుంటుంది, అదీ.”

“గెంతేది రొండో రీలు. గోక్కునేది తొమ్మిది.” అతను రెండో రీలు తీసి చుట్టుమిషనుకి తగిలించి పిడి తిప్పాడు. వేళ్ల మధ్య నుంచి ఫిల్ము సర్రున పోతూంటే అంచు తడిమే ఎంత పోయిందో చెప్పగలడు. ఒకచోట ఆపి, కిటికీ రెక్క తెరిచి, బారెడు ఫిల్ము వెలుగుకి ఎత్తి పట్టాడు.

“ఇయ్యేనమ్మా ప్రేములు. సూడండి.”

వర్ధనమ్మ కళ్లజోడు సర్దుకుంది. వేలిగోరంత గళ్లు, ఒకదాని కింద ఒకటి. ప్రతి గడిలోనూ ఎర్రగౌను, పక్కన కందిగింజంత మేక. మొదటి నాలుగు గళ్లలోనూ మేక నాలుగు కాళ్లూ దగ్గరికి తీసి ఉంది. ఆ తరవాత నాలుగింటిలోనూ నడుము కిందికి దిగి ఉంది. ఆ తరవాత నాలుగింటిలో గాలిలో ఉంది.

ఒకటి. మూడు. అయిదు.

ఆవిడ వేలు గాలిలోనే ఒక్కో గడి మీంచి కిందికి దిగింది. మెడ వంచడం లేదు. ముందుకాళ్లు లేవబోవడం లేదు.

“బొమ్మకి రెండు గళ్లు అని చెప్పేడు మా తమ్ముడు,” అంది. “ఇక్కడ నాలుగేసి ఉన్నాయి.”

“అవునమ్మా. పాప సెయ్యి ప్రేముకీ ప్రేముకీ మారతంది, మేక మాత్తరం నాలుగు ప్రేములు కదలకుండా కూకుంది. అందుకే అలాగ కొట్టుకుంటంది. మధ్యలో బొమ్మలు ఎయ్యలేదేటి?”

“వేసేను,” అంది వర్ధనమ్మ. “అన్నీ వేసేను. వీళ్లు పెట్టలేదు.”

మత్స్యలింగం ఆవిడ మొహం చూసి, తొమ్మిదో రీలు తీసి తిప్పి, చెవి గోక్కునే చోట ఆపి ఎత్తి పట్టాడు. రెండేసి గళ్లు. కాలు లేవడం రెండు గళ్లు, ఇంకాస్త లేవడం రెండు గళ్లు, మోకాలు మడవడం రెండు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఒక్కటీ పోలేదు. డెబ్భై రెండు బొమ్మలూ ఉన్నాయి.

ఆవిడకి అప్పుడు తెలిసింది. కార్తీకంలో తమ్ముడు పచ్చకామెర్లతో పడ్డాడు. మద్రాసు నుంచి తంతి మీద తంతి. ఆ చెవి గోక్కోవడం అంతా తనే వేసింది, బేసీ తనే, సరీ తనే. తమ్ముడు తన బొమ్మల అంకెలకి చుట్టూ సున్నా చుట్టేవాడు, అవి ముఖ్యమైనవని గుర్తు. సరి అంకెలకి సున్నా ఉండేది కాదు. అన్నీ ఒక్కచేతివే అయినప్పుడు ఏది ముఖ్యం, ఏది కాదు? డెబ్భై రెండింటికీ సున్నాలు చుట్టి, కమల చేత పోస్టుకి పంపించింది. మద్రాసులో ఎవరో సున్నా ఉన్నవి ఉంచి, లేనివి తీసి పారేశారు. వీటిలో తీసెయ్యడానికి వాళ్లకి ఏమీ దొరకలేదు.

నేర్చిన చెయ్యి కాదు! ఆ చెయ్యి లేనిచోటల్లా మేక కుంటింది. ఉన్న ఒక్కచోటా మేకలా ఉంది.

సంతోషం రావాలి. రాలేదు. పద్ధెనిమిది నెలల్లో ఆరు సెకన్లు మిగిలాయి. అవీ ఇంకాసేపట్లో బస్సెక్కి పోతాయి.

మత్స్యలింగం కత్తెర తీశాడు. “ఓ జానెడు కోసిచ్చీమంటారా అమ్మా? ఎవులికీ తెలీదు. అతికించీస్తాను. ఇంటికాడ దాసుకుందురు గానీ.”

ఆవిడ చెయ్యి ముందుకి వెళ్లింది. ఫిల్ము అంచుని రెండు వేళ్లతో ముట్టుకుంది. అంత పల్చగా ఉంటుందనుకోలేదు. తరవాత చెయ్యి వెనక్కి తీసుకుంది.

“వద్దు నాయనా. కొయ్యకు. ఇంకా ఏ ఊళ్లో ఆడుతుందో. అక్కడ కూడా కుంటకూడదు.”

*

ఆ సాయంత్రమే వంటింటి గుమ్మంలో కూర్చుని కొత్త కాయితం మీద ఉత్తరం రాసింది. ఎవరూ చెప్పని ఉత్తరం రాయడం కష్టంగా ఉంది. ఒక్కో మాటకీ ఆగింది. తేదీ వేసింది, 22-8-82.

‘అయ్యా, మీ చిత్రంలో మేక బొమ్మలు వేసినవారిలో నేనొకదానిని. బేసి అంకెల బొమ్మలు నా తమ్ముడు దక్షిణామూర్తి వేసినాడు. అవి చాలా మంచి బొమ్మలు. సరి అంకెలవి నేను వేసినాను. వాటిని మాకు తెలియకుండా మీరు తీసివేసినారు. అందువల్ల మేక నడవలేదు. మా ఊరివారు నా తమ్ముడిని చూసి నవ్వినారు. తొమ్మిదవ రీలులో మేక చెవి గోకుకొనుచోట ఒక్క బొమ్మయును తీయలేదు. అది చూసినచో మీకే బోధపడును. రెండవ చిత్రమునకు నా తమ్ముడిని పిలిచినచో, మధ్య బొమ్మలు తీసివేయకుండా పిలువవలెను. ఇట్లు, వర్ధనమ్మ.’

సంతకం చేశాక చాలాసేపు ఆ పేరు వంక చూసింది. రేషనుకార్డు మీద తప్ప ఇంకెక్కడా రాసిన పేరు కాదు. తరవాత ఇంకో కాయితం తీసి అంతా మళ్లీ రాసింది.

సోమవారం పొద్దున్నే పాలకి వెళుతూ అసలుది పోస్టుడబ్బాలో వేసింది. వేశాక డబ్బా నోట్లో వేళ్లు పెట్టి, అందదని తెలిసి కూడా తడిమింది. అన్నం పెట్టే ఇల్లు. ఇవాళ కోపం వచ్చి పొమ్మంటే ఎక్కడికి పోతుంది? గొలుగొండలో పినతల్లి కొడుకు ఉన్నాడు గానీ ఎన్నాళ్లు ఉంచుకుంటాడు? ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన.

దక్షిణామూర్తి లేచి కూర్చున్నాడు. స్కూలుకి వెళ్లే వేళ అవుతోంది, గడ్డం గీసుకోలేదు. “ఉత్తరం అయిందా?” అన్నాడు.

“అయింది.” ఆవిడ కాపీ అతని చేతికిచ్చింది.

అతను చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. కమలాంబ గుమ్మం పట్టుకుని ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తోంది.

“ఇది పోస్టు చెయ్యకు అక్కా.”

“చేసేశాను. అది కాపీ.”

అతని మొహం తెల్లగా పాలిపోయింది. కోపం వస్తుందనుకుంది. కోపం కాదు, భయం. “‘మాకు తెలియకుండా’ అని రాసేవా?” అన్నాడు మెల్లిగా.

“రాసేను. తెలియకుండానే కదా తీసేరు. నాకు నిన్న ఆ ఫిల్ము చూసేదాకా తెలియదు. నీకూ తెలియదు, అందుకే ఆ రోజు అందరి ముందూ నా మీద పెట్టేవు. తెలిస్తే అనేవాడివి కాదు.”

దక్షిణామూర్తి కాయితం మంచం మీద పెట్టాడు. లేచి, గోడవార ఉన్న తన రేకు పెట్టె దగ్గరికి వెళ్లాడు. తాళంచెవి మొలతాడుకే ఉంది. మూత ఎత్తి, అక్కడే వంగి ఉండిపోయాడు.

“పోయినేడు ఆషాఢంలో ఉత్తరం వొచ్చిందక్కా. ఖర్చు తట్టుకోలేకపోతున్నాం, సున్నాలు చుట్టినవే వాడతాం, ఒప్పుకోకపోతే పని ఇంకోళ్లకి ఇస్తాం అని. ఒప్పుకున్నాను.” వీపు ఆవిడ వైపే ఉంది. “నీకు చెబుదావనుకున్నాను. పొద్దున్న చెబుదావనుకుంటే నువ్వు పెన్సిళ్లు చెక్కుకుంటూ ఉండేదానివి. రేపు, రేపు అనుకున్నాను.”

“ఆషాఢం తరవాత ఆర్నెల్లు వేసేనే మూర్తీ,” అంది వర్ధనమ్మ.

అతను కొంచెం పక్కకి ఒదిగాడు, అంతే. పెట్టెలో పంచెల కింద కట్టలు కనబడ్డాయి. ఎర్రదారంతో కట్టిన కట్టలు, ఒకదాని మీద ఒకటి, పెట్టె అంచు దాకా. అన్నిటికన్నా పైదాని మూల మీద ఆవిడ దస్తూరీలోనే పద్నాలుగో అంకె ఉంది. చుట్టూ సున్నా లేదు.

కమలాంబ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఏవండీ,” అంది.

“ఆ రోజు ఎందుకన్నానో నాకే తెలియదక్కా,” అన్నాడు దక్షిణామూర్తి. “అందరూ చూస్తున్నారు. నోట్లోంచి వొచ్చేసింది. వొచ్చేక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. ఇప్పుడు వాళ్లు ఆ ఉత్తరం చూసి, నీ తమ్ముడే సంతకం పెట్టేడని నీకే తిరిగి రాస్తారు.”

వర్ధనమ్మ వంగి పైకట్ట తీసుకుంది. దారం విప్పలేదు. బరువు చూస్తున్నట్టు రెండు చేతుల్లోనూ పట్టుకుని నిలబడింది. అరవాలని ఉంది. కట్టని అతని మొహాన కొట్టాలని ఉంది. వాడు వంగిన వీపుతో అలాగే ఉన్నాడు, తడుస్తున్న గోడలాగ. నూతి దగ్గర నిలబడ్డప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు.

కట్టని మంచం మీద పెట్టి, చీర అంచుకి చెయ్యి తుడుచుకుంది.

“కమలా, ఇంట్లో పోస్టుకార్డు ఉందా?”

“ఉంది వదినగారూ. ఇప్పుడు మళ్లీ ఎవరికి?”

“వాళ్లకే. ఉత్తరంలో ఒక మాట తప్పు పడింది. ‘మాకు తెలియకుండా’ అని రాసేను. ‘నాకు’ అని ఉండాలి.”

కమలాంబ భర్త వంక చూసింది. ఆవిడ లోపలికి వెళ్లి కార్డూ కలమూ తెచ్చి ఇచ్చింది. వర్ధనమ్మ కిటికీ కింద చాప వేసుకుని, పీట దగ్గరికి లాక్కుని కూర్చుంది. కార్డు మీద తేదీ వేసింది. ‘అయ్యా’ అని రాసింది. దక్షిణామూర్తి పెట్టె మూత వేసి, ఎటు వెళ్లాలో తెలియనట్టు కిటికీ ముందు నిలబడ్డాడు. అతని నీడ కార్డు మీద పడింది.

“కొంచెం పక్కకి జరుగు మూర్తీ,” అందావిడ తల ఎత్తకుండా. “వెలుతురు రావడం లేదు.”

దక్షిణామూర్తి జరిగాడు.